కారు ఎత్తు తగ్గించుట: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ప్రధానోపాధ్యాయుడు వార్షిక సంచికలో చదువును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో వ్రాయుట వాడుక. ఈ యేడు నేను మోటారు కారు స్ప్రింగులను గూర్చి వ్రాయుచున్నందుకు చదువరులు ఆశ్చర్యపడవచ్చును. కారణము మొదట మనవి చేసెదను.

గడచిన వార్షికోత్సవమునాడు మన పూర్వ విద్యార్థి యొకడు తల్లిదండ్రులను, చెల్లెలిని, అవ్వను తన కారులో ఎక్కించుకొని బడికి వచ్చెను. కారు పాతదే గాని క్రొత్త రంగుతో తళతళలాడుచుండెను. దాని మట్టము నేలకు ఎంత దగ్గరగా ఉండెననగా, బడి వాకిట ఉన్న స్పీడుబ్రేకరు మీదికి రాగానే అడుగుభాగము రాచుకొని నిలిచిపోయెను. అందరును దిగవలసివచ్చెను. మోకాళ్ల నొప్పులతో బాధపడు ఆ ముసలమ్మ కూడ దిగి నడచెను. కుర్రవాడు సిగ్గుపడి నవ్వెను.

మోటారు షెడ్డులో పనిచేయుచున్న మరియొక పూర్వ విద్యార్థి ఆనాడు అక్కడనే ఉండెను. అతడు కారు క్రిందికి వంగి చూచి, ముందు చక్రముల లోపలి అంచులను చేతితో తడిమి, నాతో మెల్లగా ఇట్లనెను: "అయ్యవారూ, టైరు లోపలివైపు తీగలు బయటపడినవి. స్ప్రింగులు కోసినారు. ఈ బండిలో వీరిని తిరిగి పంపవద్దు." వెలుపలి నుండి చూచినచో ఆ టైర్లు క్రొత్తవివలె కనబడుచుండెను. ఐదు ప్రాణములు వాటి మీద రహదారిని వచ్చినవి. ఆ రాత్రి వారిని బస్సులో పంపితిమి.

కారు యజమానికి తొమ్మిదవ తరగతిలో భౌతికశాస్త్రము బోధించినవాడను నేనే. స్ప్రింగు సూత్రమును తెలుగులో తప్పు లేక అప్పగించి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు. ఆ సూత్రమునకును తన కారు స్ప్రింగునకును సంబంధ మున్నదని అతనికి తోచలేదు. ఆ లోపము అతనిది మాత్రమే కాదని నాకు తోచినది. అందుచేత షెడ్డులో పనిచేయు శిష్యుని పలుమారులు అడిగి తెలిసికొని, కాగితము మీద లెక్కలు వేసి, ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మన హోసూరు ప్రాంతమున మోటారు పరిశ్రమ పెరిగినది. పిల్లలు చిన్న వయస్సుననే కార్లు కొనుచున్నారు. కావున ఈ సంగతి చాల యిండ్లకు పనికివచ్చును.

ఈ కోరిక ఎక్కడిది?

కారు ఎత్తు తగ్గించుట నిన్న మొన్నటి వెఱ్ఱి కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడిన మెక్సికన్ కుటుంబముల యువకులు పాత కార్లను కొని, మట్టము దించి, అందమైన రంగులు వేసి, వీధులలో మెల్లగా నడుపుట ఒక వేడుకగా పెంచుకొనిరి. చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె క్రిందికి కారు భాగమేదియు దిగరాదని అక్కడ ఒక చట్టము 1958 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. 1959లో రాన్ అగిర్రే అనునతడు విమానములలో వాడు హైడ్రాలిక్ పరికరములను తన కార్వెట్ కారునకు అమర్చి, మీట నొక్కగానే ఎత్తు తగ్గునట్లును పెరుగునట్లును చేసెను. ఆ చట్టము 2024 జనవరి 1 నుండి రద్దయినది. తమ భాషను, ఆచారములను నిలుపుకొను అల్పసంఖ్యాక సమాజమునకు ఆ కార్లు ఒక గుర్తుగా నిలిచినవి. కావున ఈ కోరికను హేళన చేయుట నా యుద్దేశము కాదు.

పందెపు కార్లు నేలబారుగా ఉండుటకు వేరు కారణము కలదు. బరువు కేంద్రము క్రిందికి దిగినకొలది మలుపులో లోపలి చక్రముల నుండి వెలుపలి చక్రముల మీదికి పోవు బరువు తగ్గును. ఇది నిజమే. కాని ఎంత తగ్గును? బరువు కేంద్రము నేలకు 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న కారును 35 మిల్లీమీటర్లు దించినచో, అట్లు మారు బరువు సుమారు 6 శాతము మాత్రమే తగ్గును. లాభము ఇంతే. దీనికై చెల్లించు మూల్య మెంతో ఇక చూతము.

స్ప్రింగు చేయు పని

మన పెద్దల ఎద్దుబండికి స్ప్రింగు లేదు. ఇరుసు మీదనే బండి కూర్చుండును. గుంటలో చక్రము పడినచో మనిషి నడుము కూడ పడును. జట్కాబండికి విల్లువలె వంచిన ఉక్కు పట్టీల కమానులు అమర్చిరి. 2014 వరకు తయారైన అంబాసిడరు కారు వెనుక ఇరుసునకును కమాను కట్టలే ఉండెను. నేటి చిన్న కార్లలో చుట్టలు చుట్టిన కాయిలు స్ప్రింగులు సామాన్యము. ముందు ప్రక్క స్ప్రింగును, షాక్ అబ్జార్బరును ఒకే నిలువు కంబముగా కూర్చెదరు. ఈ పద్ధతిని ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికన్ ఇంజనీరు రూపొందించెను. 1950లో ఇంగ్లాండు ఫోర్డు కంపెనీవారు కాన్సల్, జెఫిర్ కార్లలో దీనిని వాడిరి. నేడు మన వీధులలో తిరుగు చిన్న కార్లలో అధిక భాగమునకు ముందు ప్రక్క ఉన్నది ఇదే.

స్ప్రింగు బరువును మోయును. గతుకు తగిలినపుడు నొక్కుకొని ఆ దెబ్బను తనలో దాచుకొనును. షాక్ అబ్జార్బరు బరువు మోయదు. స్ప్రింగు దాచుకొన్న బలమును మెల్లగా హరించి, కారు ఊయలవలె ఊగకుండ చేయును. స్ప్రింగు పూర్తిగా నొక్కుకొని ఇనుము ఇనుమునకు తగులకుండ చివర ఒక రబ్బరు దిమ్మ ఉండును. దానిని షెడ్డులలో బంప్ స్టాపరు అందురు.

స్ప్రింగు మీద వేసిన బరువునకు తగినట్లే అది నొక్కుకొనునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. రెండింతల బరువునకు రెండింతల నొక్కు. మన పిల్లలు చదువు పాఠము ఇదియే. దానినే ఇప్పుడు కారునకు అన్వయింతము. క్రింది అంకెలు లెక్క సులభమగుటకై ఎన్నుకొన్నవి. కారు కారునకు అవి మారును గాని లెక్క మారదు.

ఒక్కొక్క చక్రము మీద 250 కిలోల బరువు ఉన్నదనుకొందము. స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకొనుటకు 2 కిలోల బరువు కావలెననుకొందము. అప్పుడు కారు బరువునకు స్ప్రింగు 125 మిల్లీమీటర్లు నొక్కుకొనును. విడిగా ఉన్నపుడు దాని పొడవు 300 మిల్లీమీటర్లయినచో, కారు క్రింద అది 175 మిల్లీమీటర్లుండును. అందు పనిచేయు చుట్టలు ఐదు.

ఒక చుట్ట కోసినచో

షెడ్డువాడు గ్రైండరుతో ఒక చుట్ట కోసివేసెను. నాలుగు చుట్టలు మిగిలినవి. విడి పొడవు 240 మిల్లీమీటర్లయ్యెను. స్ప్రింగు మెత్తబడెనా, గట్టిపడెనా? పొట్టి స్ప్రింగు బలహీనమని చాలమంది తలంతురు. సత్యము దానికి వ్యతిరేకము. ఐదు చుట్టలు పంచుకొన్న నొక్కును నాలుగే పంచుకొనవలసియున్నది. ఒక్కొక్క చుట్ట ఎప్పటివలె అంతే నొక్కుకొనును. కావున మొత్తము నొక్కు 125 నుండి 100 మిల్లీమీటర్లకు తగ్గును. అనగా స్ప్రింగు నాల్గవ వంతు గట్టిపడి, మిల్లీమీటరునకు 2.5 కిలోలయినది. కారు క్రింద దాని పొడవు 140 మిల్లీమీటర్లు. మునుపు 175. కారు 35 మిల్లీమీటర్లు దిగినది. కుర్రవాడు కోరినదియు అదే.

ఇక దాని వెంట వచ్చిన వేమనగా:

మొదటిది, గతుకునకు మిగిలిన చోటు. మునుపు రబ్బరు దిమ్మకు తగులుటకు ముందు చక్రము పైకి లేచుటకు 60 మిల్లీమీటర్ల చోటుండెననుకొందము. 35 దిగినందున 25 మాత్రమే మిగిలెను. మునుపు ఆ చోటులో స్ప్రింగు అదనముగా మోయగలిగిన బరువు 60ని 2చే గుణింపగా 120 కిలోలు. ఇప్పుడు 25ని 2.5చే గుణింపగా 62.5 కిలోలు. స్ప్రింగు గట్టిపడినది, కాని అది ఆదుకొను శక్తి సగమైనది. తరువాత దెబ్బ అంతయు రబ్బరు దిమ్మ మీదను, షాక్ అబ్జార్బరు మీదను, కారు దేహము మీదను పడును. కోసిన కార్లు రోడ్డు మీద గుద్దుకొనుచు పోవుటకు కారణ మిదియే. మలుపు మధ్యలో దిమ్మ తగిలినచో, ఆ చక్రము నేలను పట్టుకొను పట్టు ఒక్కసారిగా సడలవచ్చును.

రెండవది, స్ప్రింగు వదులగుట. కారును జాకీతో ఎత్తినపుడు గాని, చక్రము లోతైన గుంటలోనికి జారినపుడు గాని కంబము పూర్తిగా సాగును. అప్పుడు పైగిన్నెకు, క్రిందిగిన్నెకు నడుమ 250 మిల్లీమీటర్ల దూర మున్నదనుకొందము. 300 మిల్లీమీటర్ల అసలు స్ప్రింగు అప్పుడు కూడ 50 మిల్లీమీటర్లు నొక్కుకొని గట్టిగా కూర్చుండును. కోసిన స్ప్రింగు పొడవు 240. పది మిల్లీమీటర్లు వదులు. చక్రము తిరిగి పైకి వచ్చునపుడు అది తన గూటిలో సరిగా కూర్చుండునను నమ్మకము లేదు. పైగా స్ప్రింగు చివరి చుట్ట గూటికి తగినట్లు మలచియుండును. కోసిన చివర కట్టెపుల్లవలె మొండిగా ఉండును.

మూడవది, ఊపు. మునుపు కారు నిమిషమునకు సుమారు 85 సార్లు ఊగు స్వభావము కలది, ఇప్పుడు 95. షాక్ అబ్జార్బరును తయారుచేసినవారు మొదటి ఊపునకు తగినట్లు చేసిరి. గట్టి స్ప్రింగును అదుపులో పెట్టుటకు దాని శక్తి చాలదు. అంతేకాక, ఎల్లప్పుడు కొంత నొక్కుకొని పనిచేయుటవలన అది త్వరగా చెడును.

కొందరు కోయుట మాని, గ్యాసు మంటతో స్ప్రింగును కాల్చి క్రుంగజేయుదురు. ఇది ఇంకను చెడ్డది. స్ప్రింగు ఉక్కునకు ఆ గుణము వచ్చుట, దానిని కాచి, చల్లార్చి, మరల మితముగా కాచు పదును వలన. కొడవలికి కమ్మరి పదును పెట్టుట మనకు తెలియనిది కాదు. మంట తగిలిన చోట ఆ పదును పోవును. అచట స్ప్రింగు క్రుంగిపోవుచునే యుండును, లేదా విరుగును.

చక్రముల వాలు

టైరు తీగలు బయటపడుటకు కారణము వేరొకటి. కంబము క్రింది చివర, చక్రమునకును కారునకును నడుమ ఒక అడ్డచేయి ఉండును; దానిని లోయరు ఆర్ము అందురు. కారు దిగినపుడు ఈ చేయి వాలు మారి, చక్రము నిలువుగా నిలువక పైభాగము లోపలికి ఒరగును. దీనిని క్యాంబరు అందురు. అప్పుడు టైరు లోపలి అంచు మీద బరువు హెచ్చును.

అంతకంటె ముఖ్యమైనది టో అను కొలత. రెండు ముందు చక్రములును ఇంచుమించు సమాంతరముగా ముందుకు చూడవలెను. స్టీరింగు నుండి చక్రమునకు పోవు టై రాడ్డు వాలు మారినపుడు, అది చక్రమును కొంచెము ప్రక్కకు త్రిప్పును. 600 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రము 3 మిల్లీమీటర్లు తప్పుగా చూచినదనుకొందము. కంటికి ఇది కనబడదు. కాని అది నూటికి అర వంతు. కారు కిలోమీటరు పోవునప్పటికి ఆ టైరు 5 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినట్లే. పదివేల కిలోమీటర్లకు 50 కిలోమీటర్ల ఈడ్పు! టైరును హోసూరు నుండి బెంగుళూరు దాటునంత దూరము నేల మీద ప్రక్కవాటుగా ఈడ్చినట్లని తలంచినచో, లోపలి తీగలు బయటపడుటలో వింత యేమున్నది?

ఇంకొక చిక్కు కలదు. టై రాడ్డును, అడ్డచేయియు ఒకే విధముగా ఊగునట్లు కంపెనీవారు వాటిని అమర్చియుందురు. మట్టము మారినపుడు ఆ పొత్తు చెడవచ్చును. అప్పుడు చక్రము గతుకు మీద లేచినప్పుడెల్ల, నడుపువాడు స్టీరింగు త్రిప్పకయే కారు కొంచెము ప్రక్కకు తిరుగును. వంతెన అతుకుల మీద కారు తనంతట తాను తొణికినట్లున్నదని మన కుర్రవాడు తరువాత ఒప్పుకొనెను.

దిగిన కారు ఎక్కువ ఒరుగుట

అందరిని మోసపుచ్చు సంగతి ఒకటి చెప్పెదను. ఎత్తు తగ్గినందున మలుపులో కారు తక్కువగా ఒరుగునని సామాన్యముగా నమ్ముదురు. కాని మలుపులో కారు దేహము ఒక బిందువు చుట్టు ఒరుగును. ఇంజనీర్లు దానిని రోల్ సెంటరు అందురు. మనము ఒరుగు కేంద్రము అందము. బరువు కేంద్రము ఆ బిందువునకు ఎంత పైన ఉన్నదో, ఒరుగజేయు సన్నెకోల అంత పొడవైనదని అర్థము. ఒరుగు కేంద్రము ఎక్కడ ఉండవలెనో నిర్ణయించునది అడ్డచేయి వాలు. మెక్‌ఫర్సన్ కంబముగల కారును దించినపుడు బరువు కేంద్రము 35 మిల్లీమీటర్లు దిగగా, ఒరుగు కేంద్రము అంతకంటె చాల ఎక్కువ దిగును. అనగా రెంటి నడుమ దూరము తగ్గుటకు బదులు పెరుగును. గట్టి స్ప్రింగు దానిని కొంతవరకు కప్పిపుచ్చును, అంతియే.

దీనిని సరిచేయుటకు అడ్డచేయి చివర ఉండు బాల్ జాయింటుకు పొడవైన పిన్నుతో వేరు భాగము అమర్చుదురు. దానితోపాటు టై రాడ్డు చివరను కూడ అంతే దించవలెను. ఒక భాగమును కదల్చినచో దాని పొరుగుభాగము కదలవలెను. కారునకు ఎత్తు విడిగా ఉన్న గుణము కాదు. తక్కిన భాగము లన్నియు ఒప్పుకొని నిలిచిన స్థానము.

బడి వాకిట ఏమి జరిగినది?

మన దేశపు రోడ్ల సంఘమువారు, అనగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు, 1988 నాటి ప్రమాణములలో గుండ్రని స్పీడుబ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెననిరి. అంత వెడల్పుగా ఉన్నపుడు కారు చక్రములు కూడ దానిమీదనే ఎక్కియుండును గనుక, ముందు వెనుక చక్రముల నడుమ 2450 మిల్లీమీటర్ల దూరముగల కారునకు మధ్యలో సుమారు 44 మిల్లీమీటర్ల ఉబ్బు మాత్రమే తగులును. కాని వీధులలో మనము చూచునవి అట్టివి కావు. అడుగున్నర వెడల్పున కాలువగట్టువలె పోసిన దిబ్బలు. వాటికి ముందు చక్రములు దాటి క్రిందికి దిగిన పిమ్మట, దిబ్బ ఎత్తంతయు కారు కడుపు క్రిందనే ఉండును. మన బడి వాకిట ఉన్నదియు అట్టిదే. ఎత్తు 10 సెంటీమీటర్లు.

కారు అసలు ఎత్తు 165 మిల్లీమీటర్లనుకొందము. ఐదుగురును సామానును కలిసి 350 కిలోలు. నాలుగు అసలు స్ప్రింగులును కలిసి మిల్లీమీటరునకు 8 కిలోలు; కారు 44 మిల్లీమీటర్లు దిగి, 121 మిగులును. దిబ్బ నూరు మిల్లీమీటర్లు. దాటును. కోసిన కారు ఎత్తు 130. స్ప్రింగులు కలిసి మిల్లీమీటరునకు 10 కిలోలు. బరువునకు 35 దిగి 95 మిగులును. దిబ్బ తగులును. కుర్రవాడు ఒంటరిగా పోయినప్పుడెల్ల దాటిన కారు, కుటుంబముతో వచ్చిననాడే ఆగిపోవుటలో రహస్య మిదియే. అడుగున రాచుకొనునది ఇంజను నూనె తొట్టి అయినచో, నూనె కారిపోయి ఇంజనే చెడును.

రాత్రి పూట మరియొక చిక్కు. ముందు ప్రక్క మాత్రమే 35 మిల్లీమీటర్లు దించినచో, 25 మీటర్ల దూరమున దీపపు వెలుగు సుమారు 35 సెంటీమీటర్లు క్రిందికి పోవును, చూపు దగ్గరపడును. వెనుక మాత్రమే దించినచో ఆ వెలుగు ఎదుటివాని కన్నులలో కొట్టును. కొన్ని కార్లలో వెనుక ఇరుసు ఎత్తును బట్టి వెనుక బ్రేకు బలమును సరిచేయు కవాటము కూడ ఉండును. ఎత్తు మారినచో అది మోసపోవును.

సరియైన పద్ధతులు లేవా?

ఉన్నవి. పందెములకు కార్లను సిద్ధపరచువారు ఈ లెక్కలన్నియు వేసియే పని చేయుదురు. వారు స్ప్రింగును కోయరు. తక్కువ పొడవునకే ప్రత్యేకముగా చుట్టి, సాగినపుడు కూడ గూటిలో బిగువుగా నిలుచు స్ప్రింగులను వాడుదురు. దానికి తగిన పొట్టి షాక్ అబ్జార్బరును అమర్చి, పోయిన చోటును కొంత తిరిగి సంపాదింతురు. మరచుట్లుగల కంబమునందు గిన్నెను పైకి క్రిందికి త్రిప్పి ఎత్తు మార్చు కాయిలోవరు అను సాధన మున్నది. స్ప్రింగు గిన్నెను మాత్రమే దించు రకముకంటె, కంబము అడుగునే పొడుగు పొట్టి చేయగల రకము మేలు. ఏలయన అందు చక్రము లేచు చోటు తగ్గదు.

పాత అమెరికను కార్లలోను, చిన్న ట్రక్కులలోను ఇంకొక తెలివైన పద్ధతి కలదు. చక్రపు కుదురును పట్టియుండు ముక్కనే మార్చి, కుదురు కొంత ఎత్తున ఉండునట్లు చేయుదురు. అప్పుడు స్ప్రింగు పొడవు గాని, అడ్డచేయి వాలు గాని మారకయే కారు దిగును. కమాను కట్టలుగల వెనుక ఇరుసులకు, కమానునకును ఇరుసునకును నడుమ ఉక్కు దిమ్మ పెట్టి దింతురు. దిమ్మ మీద దిమ్మ పేర్చుట మాత్రము మహా ప్రమాదము.

ఏది చేసినను చివర వీల్ అలైన్‌మెంటు తప్పదు. దీపముల చూపు సరిచూడవలెను. స్టీరింగు రెండు వైపులకు పూర్తిగా త్రిప్పి, బరువు వేసి, టైరు ఎచ్చటను రాచుకొనకుండ పరీక్షింపవలెను. ఇంత పని అయిన కారు కూడ పందెపు బాటకు తగినదే గాని మన వీధులకు తగినది కాదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలోను, కోయంబత్తూరు దగ్గరను అట్టి బాట లున్నవి. ఉత్సాహముగల పిల్లలకు అవి తగిన చోట్లు.

చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కంపెనీవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని చెప్పుచున్నది. ఆ నిబంధనను అట్లే పాటింపవలెనని సుప్రీము కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. అదే యేట చేసిన సవరణచే చేరిన 182ఎ సెక్షను ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుర్మానా గాని, లేక రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సు కంపెనీవారు ఈ మార్పును చూపి పేచీ పెట్టుటకు అవకాశ మున్నది. శిక్ష యజమానికి గదా. బండి ఎవరి పేర ఉన్నదో తల్లిదండ్రులు ఒకసారి చూచుకొనుట మంచిది.

ఇంటిలో అడుగవలసిన ప్రశ్నలు

పిల్లవానిని తిట్టినందువలన పని జరుగదు. పాత కారు కొని ఇంటికి తెచ్చినను, ఉన్న కారును మార్చెదననినను, ప్రక్కన కూర్చుండి ఈ ప్రశ్నలు అడుగుడు:

1. స్ప్రింగులు కంపెనీవేనా? కోసినవా, కాల్చినవా? చివరి చుట్ట గూటిలో సరిగా కూర్చున్నదా?

2. కారును ఎత్తినపుడు స్ప్రింగు చేతితో కదలుచున్నదా? కదలినచో ఆ కారును నడుపరాదు.

3. రబ్బరు దిమ్మలు ఉన్నవా? షాక్ అబ్జార్బరు నుండి నూనె కారుచున్నదా?

4. టైరు లోపలి అంచును చేతితో తడిమి చూచితివా? స్టీరింగును ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పినచో లోపలి అంచు కనబడును.

5. వీల్ అలైన్‌మెంటు కాగితము ఉన్నదా?

6. ఇంటిల్లిపాది ఎక్కినపుడు నేలకు ఎంత ఎత్తు మిగులును?

ఇదివరకే కోసిన స్ప్రింగులున్నచో వాటికి మరమ్మతు లేదు. ముందు రెండింటిని జతగాను, వెనుక రెండింటిని జతగాను క్రొత్తవి వేయించి, షాక్ అబ్జార్బర్లను, బుష్షులను పరీక్ష చేయించి, అలైన్‌మెంటు చేయింపవలెను. ఒకవైపు మాత్రమే మార్చిన కారు బ్రేకు వేసినపుడు ప్రక్కకు లాగవచ్చును.

నేను ఆ కుర్రవానిని పిలిపించి, పై లెక్కను వానిచేతనే నల్లబల్ల మీద వేయించితిని. 120 కిలోలు 62.5 అయినచోట అతడు సుద్దముక్క పట్టుకొని కొంతసేపు నిలిచిపోయెను. "ఈ సూత్రము నాకు వచ్చును గదా అయ్యవారూ" అనెను. వచ్చును, నేర్పినది నేనే. కాని స్ప్రింగు అనగా ప్రయోగశాలలో వ్రేలాడదీసిన తీగచుట్ట మాత్రమే అనుకొనునట్లు నేర్పితిని. ఈ సంవత్సరము నుండి తొమ్మిదవ తరగతి పిల్లలను ఆ పాఠమునాడు షెడ్డునకు తీసికొనిపోయి, కారు క్రింద చూపించుచున్నాము. పాఠము చెప్పునది ఆ షెడ్డు శిష్యుడే, మన తెలుగులోనే.

ఆ కారు స్ప్రింగులు మారినవి. ఈ దసరా సెలవులకు ముందు ఆ కుటుంబము మరల బడికి వచ్చినది. కారు దిబ్బను మెల్లగా ఎక్కి దిగినది. అవ్వ దిగవలసిన పని లేకపోయినది.